షెల్ స్క్రిప్టులలో నిరీక్షణ

యునిక్స్, లినక్స్ వంటి ఆపరేటింగు వ్యవస్థలలో, యంత్రము వరుసగా చేయవలసిన పనులను వ్రాసియుంచు ఆదేశపత్రమునకు షెల్ స్క్రిప్టు అని పేరు. నియతకాలము గడచువరకో, వేరొక పని ముగియువరకో, ఒక ఫైలు వచ్చి చేరువరకో అట్టి స్క్రిప్టు ఆగవలసివచ్చును. ఆగెడు తీరునుబట్టియే యంత్రశక్తి మిగులుటయో, వ్యర్థమగుటయో జరుగును.

దీనికొక పోలిక చెప్పవచ్చును. యారాడ కొండ కొనయగు డాల్ఫిన్స్ నోస్‌పై నిలిచి సముద్రమువంక చూచినవారికి, 1933లో తెరచిన విశాఖ నౌకాశ్రయమున ప్రవేశించుటకై వెలుపల లంగరు దించి నిలిచిన ఓడలు కనబడుచుండును. వంతు వచ్చినదని రేవునుండి పిలుపు అందువరకు అవి రేవుముఖమున చుట్లు తిరుగుచు చమురు కాల్చవు. ఉత్తమ నిరీక్షణ యనగా నిదియే. పని అయినదా, కాలేదా యని విరామమెరుగక ప్రశ్నించుచు తిరుగు లూపు దీనికి పూర్తిగా విపరీతమైనది. ఏ ఫలితమును ఇయ్యకయే అది ప్రాసెసరులోని ఒక కోరును సాంతముగా ఆక్రమించును.

కాలమాత్రమే గడవవలసినపుడు స్లీప్ ఆదేశము చాలును. అది మేలుకొలుపు భారమును ఆపరేటింగు వ్యవస్థకు మూలమగు కెర్నెల్‌కు అప్పగించి నిద్రించును గనుక ప్రాసెసరును వాడుకొనదు. పాజిక్స్ ప్రమాణము పూర్ణ సెకండ్లనే విధింపగా, గ్నూ స్లీప్ భిన్నములను సైతము గ్రహించును. అయితే సాధారణముగా ఇది షెల్‌కు వెలుపలి ప్రోగ్రాము. పిలిచిన ప్రతిసారియు ఒక క్రొత్త ప్రాసెస్ పుట్టవలెను. కావున లూపునందు వ్యవధి తగ్గించినకొలది వృథావ్యయము, పెంచినకొలది ఆలస్యము తప్పవు.

స్క్రిప్టు తానే నేపథ్యమున ప్రారంభించిన పనులకై వేచియుండుటకు వెయిట్ ఆదేశమును మించినది లేదు. పని ముగిసినంతనే కెర్నెల్ తెలియజేయును. జయాపజయములను సూచించు ఎగ్జిట్ స్టేటస్ కూడ చేతికందును. తాను పుట్టింపని ప్రాసెస్‌కు మాత్రము ఇది పనికిరాదు.

అనుభవజ్ఞులును మరచునట్టి సూక్ష్మమొకటి ఇచట కలదు. స్లీప్ ముందుభాగమున నడచుచుండగా స్క్రిప్టునకు మాత్రమే సిగ్నల్ వచ్చినచో, అపుడు చేయవలసినదానిని తెలుపు ట్రాప్ ఆదేశము వ్రాసియున్నను, ఆ నిద్ర తీరువరకు బాష్ అను షెల్ దానిని అమలుచేయదు. గంటసేపు నిద్రించు స్క్రిప్టు ఆగుమన్న మాటను గంట గడచినగాని ఆలకింపదు. స్లీప్‌ను నేపథ్యమునకు పంపి, దానికై వెయిట్‌తో వేచినచో, సిగ్నల్ రాగానే వెయిట్ విడివడి ట్రాప్ నడచును. వెనుక మిగిలిన స్లీప్‌ను ఆ ట్రాప్‌లోనే ముగింపవలెను.

ఫైళ్ల రాకకై నిరీక్షించుటకు, 2005లో లినక్స్ కెర్నెల్ 2.6.13తో వచ్చిన, ఫైళ్లలోని మార్పులను తెలియజేయు ఐనోటిఫై ఆధారముగా పనిచేయు ఐనోటిఫైవెయిట్ ఆదేశము శ్రేష్ఠము. కావలి కూర్చుండకమునుపే ఫైలు వచ్చియుండవచ్చును గనుక, కావలి పెట్టిన పిదప మరల ఒకమారు చూచుకొనుట అవసరము. నెట్‌వర్కు ఫైలువ్యవస్థలో దూరపు యంత్రము చేసిన మార్పులు దీనికి తెలియవు. అచ్చట మితమైన వ్యవధిగల స్లీప్ లూపే శరణ్యము.