తెల్లాపూర్‌కు మకాం: సామానుతో పాటు మారాల్సినవి ఇవే

లారీ ఒక్కరోజులో ఖాళీ అయిపోతుంది. కొత్త ఇంట్లో ఖురాన్ ఖానీ చేయించి, దగ్గరివాళ్లకు భోజనాలు పెడితే ఇల్లు మారినట్టేనని చాలామంది అనుకుంటారు. కానీ ఆధార్‌లో చిరునామా, పిల్లల బడి, రేషన్, కరెంటు మీటరు, ఓటు, మసీదు జమాత్‌తో పరిచయం, ఇవన్నీ మారితేగాని కుటుంబం నిజంగా మారినట్టు కాదు. తెల్లాపూర్‌లో ఈ పని ఇంకాస్త చిక్కు. చూడ్డానికి ఇది హైదరాబాద్ నగరమే. కాగితం మీద మాత్రం ఒక్కో పనికి ఒక్కో దిక్కుకు వెళ్లాలి. ఏ పనికి ఎక్కడికి వెళ్లాలో సామాను కట్టకముందే తెలుసుకుంటే ఏడాది తిరుగుడు తప్పుతుంది.

ఊరు ఒకటి, హద్దులు నాలుగు

తెల్లాపూర్ సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురం మండలంలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మెదక్ జిల్లా. 2018లో తెల్లాపూర్, కొల్లూరు, ఉస్మాన్‌నగర్, ఈదులనాగులపల్లి, వెలిమెల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేశారు. 2025 డిసెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల ఉన్న 27 పురపాలికలను జీహెచ్ఎంసీలో విలీనం చేసినప్పుడు తెల్లాపూర్ కూడా అందులో కలిసింది.

అయితే కార్పొరేషన్‌లో కలవడం వేరు, జిల్లా మారడం వేరు. కులం, ఆదాయం ధ్రువపత్రాలకు రామచంద్రాపురం తహసీల్దార్ దగ్గరికే వెళ్లాలి. బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వాడుకునే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పోలీసు పరంగా మాత్రం ఇది సైబరాబాద్ కమిషనరేట్. అసెంబ్లీకి పటాన్‌చెరు, లోక్‌సభకు మెదక్.

పక్కనే ఉన్న నల్లగండ్ల, గోపన్‌పల్లి రంగారెడ్డి జిల్లా శేరిలింగంపల్లి మండలంలోకి వస్తాయి. అక్కడ అసెంబ్లీ శేరిలింగంపల్లి, లోక్‌సభ చేవెళ్ల. రోడ్డు దాటితే జిల్లా మారిపోతుంది. బిల్డర్లు, ఏజెంట్లు ప్రకటనల్లో రెండింటినీ కలిపి రాసేస్తుంటారు. కాబట్టి ఇల్లు ఖాయం చేసేముందు అది ఏ మండలమో, ఏ జిల్లానో యజమానిని అడిగి, ఆస్తిపన్ను రసీదు చూసి తేల్చుకోవాలి.

ముందు ఆధార్, అంతకంటే ముందు పేరు

మిగతా పనులన్నిటికీ తాళంచెవి ఆధార్‌లో కొత్త చిరునామా. మార్పు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు, రుసుము 75 రూపాయలు. అద్దె ఒప్పందం ఇంటాయన ఒక్కడి పేరు మీదే ఉంటే మిగతావాళ్ల దగ్గర రుజువు ఉండదు. అలాంటప్పుడు కుటుంబ పెద్ద ఆధార్ ఆధారంగా భార్య, పిల్లలు, తల్లిదండ్రుల చిరునామా మార్చే సౌకర్యం ఉంది. సంబంధాన్ని చూపే పత్రం పెట్టాలి, కుటుంబ పెద్ద 30 రోజుల్లో ఆన్‌లైన్‌లో ఒప్పుకోవాలి. గడువు దాటితే దరఖాస్తు మూతపడుతుంది, కట్టిన డబ్బు తిరిగి రాదు. కాబట్టి ముందు కుటుంబ పెద్ద చిరునామా మారాలి, తర్వాత మిగతావాళ్లది.

ముస్లిం కుటుంబాల్లో అసలు తలనొప్పి చిరునామా కాదు, పేరు. ఆధార్‌లో మహమ్మద్, పాన్‌లో ఎండీ, పిల్లాడి బడి రికార్డులో మొహమ్మద్. షేక్, సయ్యద్ ఒకచోట పేరుకు ముందు, ఇంకోచోట వెనక. తల్లి పేరు ఒక కాగితంలో బీ, మరో కాగితంలో బేగం. పాత ఊళ్లో మనిషిని ఎరిగినవాళ్లు చూసీచూడనట్టు పోతారు. కొత్త ఊళ్లో కంప్యూటర్ ఒప్పుకోదు. ఇల్లు మారడానికి రెండు మూడు నెలల ముందే అందరి కాగితాలూ ఒకచోట పరిచి, ఏ స్పెల్లింగ్ ఉంచాలో తేల్చుకొని, దిద్దించుకోవడం మేలు. పదో తరగతి మెమో మీద ఉన్న స్పెల్లింగ్‌నే ఆధారంగా పెట్టుకుంటే మంచిది, దాన్ని మార్చడమే అన్నిటికన్నా కష్టం.

ఓటు మార్పుకు ఫారం-8 ఇవ్వాలి. నియోజకవర్గం లోపల మారినా, వేరే నియోజకవర్గానికి మారినా అదే ఫారం. అనుమానాలుంటే 1950కి ఫోన్ చేయవచ్చు. ఇంట్లో పద్దెనిమిది నిండిన పిల్లలుంటే వాళ్ల పేర్లు కొత్తగా ఎక్కించడానికి మాత్రం ఫారం-6.

పిల్లల చదువు: రోడ్డుకు ఏ పక్క బడి?

తెలంగాణలో బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి, ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులిస్తారు. ఇల్లు మారడానికి ఆ నెలన్నరే అనువైన సమయం. టీసీ, బోనఫైడ్, ప్రోగ్రెస్ కార్డు, పిల్లల పెన్ నంబరు పాత బడి నుంచి తీసుకున్నాకే ఊరు వదలాలి. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే, పాత ఊళ్లో ఉండగా మాట్లాడుకోవడం తేలిక. దూరం వచ్చాక ప్రతి తిరుగుడుకూ ఒక రోజు కూలీ పోతుంది.

హద్దు సంగతి అన్నిటికంటే ఎక్కువగా తగిలేది ఇక్కడే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు నాలుగేళ్లు ఎక్కడ చదివితే ఉద్యోగాల్లో అక్కడి స్థానికత వస్తుంది. స్థానికులకు 95 శాతం పోస్టులు. సంగారెడ్డి, రంగారెడ్డి, హైదరాబాద్ మూడూ చార్మినార్ జోన్‌లోనే ఉన్నాయి. కాబట్టి జోనల్ పోస్టులకు తేడా రాదు. జిల్లా స్థాయి పోస్టులకు వస్తుంది. తెల్లాపూర్‌లో ఇల్లు ఉండి పిల్ల నల్లగండ్ల బడిలో చదివితే, లెక్కకు ఆ పిల్ల రంగారెడ్డి స్థానికురాలు. ఇందులో లాభనష్టాలు ఎవరికి వారు చూసుకోవాలి. బస్సు వస్తుందనో, స్నేహితురాలు అక్కడే చదువుతోందనో ఆలోచించకుండా చేర్పిస్తే తర్వాత మార్చుకునే దారి ఉండదు.

గుంటూరు, కర్నూలు, నెల్లూరు నుంచి ఐటీ ఉద్యోగాలకు వచ్చే కుటుంబాలకు ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో ఎంబీబీఎస్, బీడీఎస్ రాష్ట్ర కోటా సీట్లకు స్థానికులు కావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఇక్కడే చదవాలని 2024 జులైలో వచ్చిన జీవో 33 చెబుతోంది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. డాక్టర్ చదవాలనుకునే పిల్లలుంటే ఎనిమిదో తరగతి అయిపోయేలోగా మారడమో, లేదా ఇంటర్ అయ్యేదాకా సొంత రాష్ట్రంలోనే చదివించడమో ముందే తేల్చుకోవాలి. పదో తరగతి మధ్యలో మారిస్తే రెండు చోట్లా చిక్కులొస్తాయి.

ఫీజుల భారం మోయలేని కుటుంబాలకు ప్రభుత్వ మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. 2016లో 71 బడులతో మొదలై తర్వాత రాష్ట్రమంతటా 204కు పెరిగాయి. ప్రవేశాలు ప్రధానంగా ఐదో తరగతిలో. అందుకే పిల్ల నాలుగో తరగతిలో ఉండగానే నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండాలి.

రేషన్, కరెంటు, గ్యాస్, బస్సు

రేషన్‌కు తొందర లేదు. తెలంగాణలో వేలిముద్రతో ఏ చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకునే పద్ధతి 2018 నుంచి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. కార్డు పాత చిరునామాలో ఉందని నెల బియ్యం వదులుకోనక్కర్లేదు.

కరెంటు అలా కాదు. 200 యూనిట్ల లోపు వాడకానికి ఉచితమైన గృహజ్యోతి, కార్డుతో పాటు మీటరు నంబరుతో ముడిపడి ఉంటుంది. పాత ఇంట్లో సున్నా బిల్లు వచ్చేది కదా అని కొత్త ఇంట్లో ఊరుకుంటే పూర్తి బిల్లు వస్తుంది. కొత్త మీటరు నంబరు ఎక్కించమని దరఖాస్తు ఇవ్వాలి. అద్దెకు దిగేరోజే మీటరు రీడింగ్ ఫొటో తీసి యజమానికి పంపిస్తే పాత బాకీ నెత్తిన పడదు.

గ్యాస్ కనెక్షన్ దగ్గర్లోనే మారితే సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించక్కర్లేదు. పాత ఏజెన్సీ ఇచ్చే బదిలీ వోచర్ కొత్త ఏజెన్సీలో ఇస్తే సరి. దూరపు ఊరి నుంచి వస్తే మాత్రం సిలిండర్ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకొని, ఆ వోచర్ ఇక్కడ చూపాలి.

2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాల్లో ఇంటాయన ఆధార్ మారి, ఇంటావిడది అలాగే ఉండిపోతుంది. రోజూ టికెట్ కొనాల్సింది మాత్రం ఆమే.

కొల్లూరు డబుల్ బెడ్‌రూం: ఇల్లు దగ్గరైంది, పని దూరమైంది

ఈ ప్రాంతానికి పెద్దఎత్తున కుటుంబాలు తరలివచ్చింది కొల్లూరుకే. 2023 జూన్ 22న ప్రారంభించిన ఈ డబుల్ బెడ్‌రూం కాలనీలో 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. ఒక్కో ఇల్లు 560 చదరపు అడుగులు. లాటరీలో పేరు వచ్చినవాళ్లు నగరం నలుమూలల నుంచి ఇక్కడికి మారారు.

సొంత ఇల్లు దొరికింది, అద్దె బాధ తప్పింది. కానీ పాతబస్తీలో గాజుల పనో, టైలరింగో, ఇళ్లలో వంటపనో చేసుకునే కుటుంబానికి చార్మినార్ ముప్పై కిలోమీటర్లకు పైనే దూరం. చాలా ఇళ్లలో ఇదే ఏర్పాటు కనిపిస్తుంది: తండ్రి పనిచోటే రాత్రిళ్లు ఆగిపోతాడు, బడి ఆగకూడదని పిల్లల్ని నానీ ఇంట్లో ఉంచుతారు, కొత్త ఇంట్లో తల్లి, చంటిపిల్ల మిగులుతారు. ఒకటి రెండు నెలలకు ఇది పర్లేదు. ఏళ్లకేళ్లు సాగితే సంసారం రెండు ముక్కలవుతుంది. ఇల్లు చేతికి రాగానే ఇంట్లో అందరూ కూర్చొని ఎవరి పని ఎప్పటికి ఇటు మారుతుందో, మారనివాళ్లు ఎలా వెళ్లొస్తారో తేదీలతో సహా మాట్లాడుకోవాలి.

పాతబస్తీ వైపు వెళ్లేవాళ్లకు ఎంఎంటీఎస్ రైలు అక్కరకొస్తుంది. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ మీదుగా ఫలక్‌నుమాకు, అలాగే నాంపల్లికి రైళ్లు ఉన్నాయి. తెల్లాపూర్‌లోనూ స్టేషన్ ఉంది కానీ రైళ్లు తక్కువ. నెలవారీ పాస్ తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. ఈ ఇళ్లను అమ్మడం, అద్దెకివ్వడం నిబంధనలకు విరుద్ధం. దూరమని తాళం వేసి, నాలుగు డబ్బులొస్తాయని ఇంకొకరిని దించితే ఉన్న ఇల్లే పోవచ్చు. అద్దెకు దిగినవాళ్లకూ ఏ హక్కూ ఉండదు.

అద్దె ఇల్లు అడిగేటప్పుడు

పేరు వినగానే “ఇల్లు ఇప్పుడే అయిపోయింది” అనే జవాబు చాలామందికి తెలిసిందే. కొన్నిచోట్ల “నాన్‌వెజ్ వండుతారా?” అన్న ప్రశ్నతో అదే మాట చెబుతారు. ఇంటి యజమాని వివక్షను నేరుగా ఆపే గట్టి చట్టం లేదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వానికి వర్తిస్తుంది. ఒక సహకార గృహ సంఘం తమ మతంవారికే సభ్యత్వమని పెట్టుకున్న నియమాన్ని సుప్రీంకోర్టు 2005లో తప్పుపట్టలేదు. అందుకే ఆచరణలో పనికొచ్చేది ముందుచూపే. ఫోన్‌లోనే పూర్తి పేరు, ఇంట్లో ఎంతమందో చెప్పేస్తే వృథా తిరుగుడు, చిన్నబుచ్చుకోవడం రెండూ తగ్గుతాయి. ఆఫీసులో పనిచేసేవాళ్ల ద్వారా, అక్కడే ఉంటున్నవాళ్ల ద్వారా వెతికితే త్వరగా దొరుకుతుంది.

అడ్వాన్స్ ఇచ్చేముందు అసోసియేషన్ నియమాలు కాగితం మీద చూడాలి. బక్రీద్ ఖుర్బానీకి ప్రాంగణంలో అనుమతి ఉండదనే అనుకొని, అది ఎక్కడ చేయించాలో ముందే చూసుకుంటే పండుగ పూట మాటపట్టింపు రాదు. ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయాలి. అందుకే ఎక్కువమంది 11 నెలలకు రాసుకుంటారు. ఒప్పందంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించుకుంటే తర్వాత చిరునామా రుజువుకు పనికొస్తుంది.

నీళ్ల సంగతీ అడగాలి. జలమండలి కనెక్షన్ ఉందా, బోరా, ట్యాంకరా? ఎండాకాలంలో ట్యాంకర్ ఖర్చు నిర్వహణ రుసుములోనే ఉంటుందా, విడిగా కట్టాలా? కొనేవాళ్లయితే రెరా నంబరుతో పాటు ఆ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్‌లో లేదని చూసుకోవాలి. 2024 జులైలో హైడ్రా ఏర్పడ్డాక చెరువుల్లో కట్టినవాటిని కూల్చేస్తున్నారు. నష్టపోయేది చివరికి కొన్నవాడే.

మసీదు, మక్తబ్, ఖబరస్తాన్

కొత్త అపార్టుమెంట్ల మధ్య మసీదు కనిపించకపోవచ్చు. పాత ఊళ్ల వైపు వెతకాలి. దగ్గర్లో ఏముందో వారం రోజులు ఐదు పూటలా గమనిస్తేనే తెలుస్తుంది. జుమా ఎక్కడ, ఆడపిల్లలకు మక్తబ్ ఎక్కడ, తరావీహ్‌కు రాత్రిపూట వెళ్లిరావడానికి దారి ఎలా ఉంది, ఇవి రంజాన్ దాకా ఆగి అడిగే సంగతులు కావు.

తెలుగు మాట్లాడే ముస్లింలకు ఇక్కడ ఇంకో మొహమాటం ఉంది. జిల్లాల నుంచి వచ్చినవాళ్లకు తెలుగు ధారాళంగా వస్తుంది, ఉర్దూలో తడబడతారు. మసీదులో మాటలన్నీ ఉర్దూలోనే. దాంతో మగవాళ్లు సలాం ఫేర్చగానే వెళ్లిపోతారు, ఆడవాళ్లకు ఎవరూ పరిచయం కారు. ఈ మొహమాటాన్ని మొదటి నెలలోనే తెంచుకోవాలి. ఇమాం సాబ్‌ను, మౌజన్‌ను, కమిటీ పెద్దలను కలిసి పేరు, ఇల్లు, ఫోన్ నంబరు ఇచ్చి రావాలి.

ఇందుకు ఒక కారణం ఉంది, దాని గురించి మాట్లాడటానికి ఎవరూ ఇష్టపడరు. ఇంట్లో మౌత్ అయితే ఖబర్ ఎక్కడ? చాలా ఖబరస్తాన్లు ఒక ఊరికో, ఒక మసీదు జమాత్‌కో చెందినవి. స్థలం తక్కువ. తెలియనివాళ్లు జనాజా తీసుకొస్తే ముందు ప్రశ్నలే ఎదురవుతాయి. అమ్మానాన్నలను వెంట తెచ్చుకున్న కుటుంబాలు ఈ విషయం ముందే అడిగి ఉంచాలి. గుస్ల్ ఎవరు చేయిస్తారు, ఆడవాళ్లకు గుస్ల్ ఇచ్చే ఆమె ఎవరు, జనాజా బండి ఎక్కడ దొరుకుతుంది, ఈ నంబర్లన్నీ ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టాలి. సొంత ఊరికే తీసుకెళ్లాలని పెద్దలు కోరుకుంటే అదీ రాసి ఉంచాలి.

పక్కవాళ్లు

పెద్ద దవాఖాన కావాలంటే పటాన్‌చెరు, కొండాపూర్ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి, అత్యవసరానికి 108. కానీ అర్ధరాత్రి ముందు తలుపు తట్టాల్సింది పక్కింటిదే. మొదటి వారంలోనే రెండు వైపుల ఇళ్లకూ వెళ్లి పలకరించాలి. వాళ్లు మాంసం తినరని తెలిస్తే రంజాన్‌లో ఇఫ్తారీ పళ్లెంలో పండ్లు, ఖర్జూరాలు పంపాలి. వాళ్ల పిల్లల పేర్లు తెలిసి ఉండాలి. చిరునామా మార్పు అధికారుల చేతిలో పని. ఈ పరిచయాలు మాత్రం ఇంటివాళ్లే చేసుకోవాలి, అందుకు దరఖాస్తు ఫారం లేదు.

ఏది ముందు, ఏది తర్వాత

మారడానికి ముందు: కాగితాల్లో పేర్లు సరిచూడటం, టీసీలు, గ్యాస్ వోచర్, ఇల్లు ఏ జిల్లాలోదో తేల్చుకోవడం.

మొదటి వారం: మీటరు ఫొటో, పక్కింటి పరిచయం, మసీదు కమిటీకి వివరాలు.

మొదటి నెల: కుటుంబ పెద్ద ఆధార్, ఆ తర్వాత మిగతావాళ్లది, బడిలో చేర్పించడం, గృహజ్యోతికి కొత్త మీటరు.

మూడు నెలల్లోపు: ఓటుకు ఫారం-8, బ్యాంకు, పాన్, రేషన్‌కార్డు చిరునామాలు, ఖబరస్తాన్ వివరాలు.