ఆటగాడి అంకె: కొలతా, కానుకా?

జాలంలో ఈనాడు ఏ ఆట ఆడబోయినా, అది ఫుట్‌బాలు కానివ్వండి, కార్లతో బంతిని తన్నే రాకెట్ లీగ్ కానివ్వండి, ఆటగాడి పేరు పక్కన ఒక అంకో, పతకపు బొమ్మో కనిపిస్తుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తరుగుతుంది. ఆ అంకె న్యాయమైనదేనా అన్న తగవు మాత్రం ఎన్నటికీ తెగదు. నిజానికి ఈ తగవు కంప్యూటర్లతో పుట్టినది కాదు. అంతకు చాలా ముందే చదరంగపు బల్ల దగ్గర మొదలైంది. ఆ కథనే ఈ టపాలో చెప్పదలచుకున్నాను.

అర్పాద్ ఎలో 1903లో హంగేరీలో పుట్టాడు. బాల్యంలోనే తల్లిదండ్రులతో అమెరికా చేరి, పెద్దయ్యాక మిల్వాకీ నగరంలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించాడు. స్వయంగా గట్టి ఆటగాడు. విస్కాన్సిన్ రాష్ట్ర చదరంగ పోటీని ఎనిమిది మార్లు గెలిచాడు. అప్పటికి అమెరికా చదరంగ సమాఖ్య కెనెత్ హార్క్‌నెస్ రూపొందించిన రేటింగు పద్ధతిని వాడుతూ ఉండేది. ఎలో దాని స్థానంలో గణాంకశాస్త్రపు పునాది గల పద్ధతిని తయారుచేశాడు. దానిని అమెరికా సమాఖ్య 1960లోను, అంతర్జాతీయ సంస్థ ఫిడే 1970లోను స్వీకరించాయి.

ఆ పద్ధతి సారాంశం ఇది. ఇద్దరి రేటింగుల మధ్య తేడానుబట్టి ఎవరు ఎంత సాధిస్తారో ముందే ఒక అంచనా వేస్తాము. 1600 రేటింగు గలవాడు 1400 వాడితో ఆడితే, నూరు ఆటల్లో సుమారు 76 పాయింట్లు గెలుచుకోవాలి. ఆట ముగిశాక, అంచనాకూ ఫలితానికీ ఉన్న తేడానుబట్టి అంకెను సవరిస్తాము. ఒక్కో ఆటకు గరిష్ఠ సవరణ 20 అనుకుంటే, పై ఆటగాడు గెలిచినప్పుడు అతడికి కలిసేది 5 పాయింట్లే. ఓడితే పోయేది 15. చిన్నవాణ్ణి ఓడించినందుకు పెద్ద కీర్తి రాదన్న లోకనీతికి ఇది గణిత రూపం.

ఎలో దీనిని బహుమతిగా ఏనాడూ భావించలేదు. భౌతికశాస్త్రవేత్త కనుక కొలతగానే చూశాడు. అదీ ఎంతటి కొలత? నీటిమీద ఎగిరిపడే బెండును, గాలికి ఊగే తాడుకు కట్టిన గజంబద్దతో కొలవడం వంటిదని ఆయనే పోల్చాడు. కాని ఆడేవాడికి అది బిరుదు, పరువు, కొందరికి బతుకుతెరువు. కొలత న్యాయంగా ఉండడం వేరు, ప్రతిఫలం న్యాయంగా ఉండడం వేరు. రేటింగుల చరిత్రలోని తగవుల్లో చాలా భాగం ఈ రెంటినీ ఒకటిగా చూడడం వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం.

మొదటి ఉదాహరణ సుసాన్ పోల్గార్‌ది. స్త్రీలు ఎక్కువగా స్త్రీల పోటీల్లోనే ఆడుతున్నందున వారి అంకెలు పురుషుల అంకెలతో పోల్చదగినట్లు లేవని తలచి, ఫిడే 1986 నవంబరులో క్రీడాకారిణులందరికీ నూరేసి పాయింట్లు కలిపింది, ఒక్క పోల్గార్‌కు తప్ప. ఆమె అప్పటికే ఎక్కువగా పురుషులతో ఆడుతున్నందున ఆమె అంకె సరిగానే ఉందని వారి వాదన. 1987 జనవరి జాబితాలో ఆమె ప్రథమ స్థానం పోయింది. కొలతను దిద్దుతున్నామని సంస్థ అన్నది. బలమైన ప్రత్యర్థులను ఎంచుకున్నందుకు శిక్ష పడినట్లు ఆమె పక్షం వారికి కనబడింది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ క్లాడ్ బ్లడ్‌గుడ్‌ది. వర్జీనియా చెరసాలలో ఖైదీ అయిన ఇతడు తోటి ఖైదీలతోనే వేలకొద్దీ ఆటలు ఆడాడు. 1996 నాటికి అతడి అంకె 2702కు చేరి, అమెరికాలో రెండవ స్థానంలో నిలిచింది. కావాలని పెంచుకున్నాడని కొందరన్నారు, అతడు కాదన్నాడు. అతడి ఉద్దేశం ఏదైనా, సూత్రం తప్పు చేయలేదు. అంకె ఆ గుంపులోని తారతమ్యాన్ని మాత్రమే చెబుతుంది. గుంపు మూతపడి ఉంటే బయటి లోకంతో పోలిక కుదరదు.

ఎలో పద్ధతికి మరో లోపం ఉంది. నిన్న ఆడినవాడి 1500కూ, రెండేళ్ళుగా ఆడనివాడి 1500కూ అది తేడా చూపదు. 1990ల మధ్యలో మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు తన గ్లికో పద్ధతిలో ప్రతి అంకెకూ ఒక అనిశ్చితిని జోడించాడు. ఆడకుండా కూర్చుంటే ఆ సందేహం పెరుగుతుంది, ఆడితే తగ్గుతుంది.

ఇక జట్టు ఆటల సంగతి. మా చెల్లెలి కొడుకు జాలంలో జట్టుగా ఆడే ఒక ఆట ముగించి, "మామయ్యా, మూడు గోళ్ళూ నేనే వేశాను. మావాళ్ళు ఓడిపోతే నా అంకె ఎందుకు తగ్గాలి?" అని అడిగాడు. పిల్లవాడి ప్రశ్నే గాని, శాస్త్రజ్ఞులను ఏళ్ళ తరబడి తికమకపెట్టిన ప్రశ్న కూడాను. మైక్రోసాఫ్ట్ వారి కేంబ్రిడ్జి పరిశోధనశాలలో హెర్బ్రిక్, మింక, గ్రేపెల్ అనే మువ్వురు ఎక్స్‌బాక్స్ కోసం ట్రూస్కిల్ పద్ధతిని తయారుచేసి, 2006లో దానిపై పత్రం సమర్పించారు. అందులో జట్టు బలం అంటే సభ్యుల బలాల మొత్తం. గెలుపోటములు తప్ప గోళ్ళ లెక్క లేదు. ఎవరి గురించి సందేహం ఎక్కువో వారి అంకె ఎక్కువగా కదులుతుంది. కొత్తవాడి సామర్థ్యం 25 అని అంచనా వేసి, ఆ అంచనా చుట్టూ ఉన్న అనిశ్చితికి మూడు రెట్లు తీసివేసి, బయటికి సున్నా చూపుతారు.

2018లో వచ్చిన ట్రూస్కిల్ 2 వ్యక్తిగత లెక్కలను, ఆటను మధ్యలో వదిలిపోయే అలవాటును కూడా చేర్చుకుంది. దీనివల్ల అంచనాలు మెరుగయ్యాయి. అయితే గోళ్ళకు విలువ కడితే బంతిని పక్కవాడికి అందించేవాడు ఉంటాడా? కొలత కొంత సూక్ష్మమయ్యేకొద్దీ, ఆటగాడు ఆటకోసం గాక కొలతకోసం ఆడే ప్రమాదమూ పెరుగుతుంది.

దీనికి తోడు అజ్ఞాతవాసుల బెడద. బలవంతులు కొత్త పేర్లతో చేరి కొత్తవారిని చితగ్గొట్టడాన్ని స్మర్ఫింగ్ అంటారు. బృహన్నలగా ఉన్న అర్జునుడు నాట్యం నేర్పుతూ కాలం గడిపాడు గాని, విరటుని కొలువులోని కుర్రవాళ్ళపై గాండీవం ఎత్తలేదు. వీరికి ఆ నియమం లేదు. పైగా పలు ఆటల్లో జోడీలు కుదిర్చేది దాచిపెట్టిన ఒక అంకెతో, ఆటగాడికి చూపేది వేరొక పతకంతో. కొలతనూ కానుకనూ ఇలా విడదీయడం తెలివైన పనే గాని, ఆ రెండూ వేరని ఆడేవాడికి చెప్పకపోతే అనుమానం పుడుతుంది.

కొలతబద్ద కూడా కాలంతో జరుగుతుంది. కరోనా కాలంలో పోటీలు లేక పిల్లల అంకెలు కదలలేదు, ఆట మాత్రం పెరిగింది. తరువాత వారితో ఆడిన పెద్దలు పాయింట్లు పోగొట్టుకున్నారు. 2024 మార్చిలో ఫిడే 2000కు తక్కువ ఉన్నవారందరికీ, ఆ తేడాలో నూటికి నలభై వంతు కలిపింది. 1500 వాడు 1700 అయ్యాడు. ఎవరినీ వేరుచేయలేదు, సూత్రాన్ని ముందే ప్రకటించింది. 1986 నాటి దిద్దుబాటుకూ దీనికీ తేడా అక్కడుంది. మన వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801కు చేరినప్పుడు నాకూ గర్వం కలిగింది. కాని దానిని 1972 నాటి ఫిషర్ 2785తో పోల్చి ఎవరు గొప్పో తేల్చబోవడం ఈ బద్దతో చేయదగిన పని కాదు.

ర్యాంకు అనగానే ఎంసెట్టు గుర్తుకువచ్చే తెలుగువాళ్ళం మనం. ఒకనాటి అంకెను జన్మాంతం మోసే అలవాటు మనది. అందుకే నాకు జాలంలోని లీచెస్ చదరంగంలో ఒక చిన్న ఏర్పాటు ఎంతో నచ్చింది. తగినన్ని ఆటలు ఆడనివారి అంకె పక్కన అక్కడ ఒక ప్రశ్నార్థకం ఉంటుంది. మాకు ఇంకా సరిగా తెలియదు అని ఆ తక్కెడ తానే ఒప్పుకుంటుంది.