ఫొటో కింద ఒక మాట

స్వర్ణోత్సవ సంచిక కోసం పాత ఫొటోలు పోగుచేస్తుంటే మన గంట తాత ఫొటో ఒకటి బయటపడింది. వేలాడే రైలు పట్టా ముక్క పక్కన, చేతిలో ఇనప కమ్మీతో నిలబడి ఉన్నాడు. దాని కింద వేయడానికి కమిటీ మిత్రులు రాసుకున్న మాట 'స్నేహశీలి'. తప్పు మాట కాదు. కానీ పదవీ విరమణ సన్మానపత్రాల్లో అందరికీ వాడి వాడి అరిగిపోయింది. ఇంకో మాట పెడదామన్నాను. "ఎందుకో నువ్వే రాసివ్వు" అన్నారు. ఇంజనీరుకు మాటల చరిత్ర అప్పగిస్తే ఇలాగే ఉంటుంది, తెలుగు మాస్టార్లు మన్నించాలి.

స్నేహంతోనే మొదలుపెడతాను. సంస్కృతంలో ఈ మాటకు నూనె, జిడ్డు అనే అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలో స్నేహపానం అంటే మిత్రులంతా కూడి తాగడం కాదు, వైద్యుడు చెప్పిన కొలతలో ఘృతమో తైలమో పుచ్చుకోవడం. మనవాళ్లు ఈ నూనె లెక్కను ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మాటలో చెమ్మ లేకపోతే "పొడిపొడిగా మాట్లాడాడు" అంటాం. మోతాదు మించితే "జిడ్డు మనిషి" అంటాం. ముప్ఫై ఏళ్లకు పైగా బేరింగులతో కాపురం చేస్తున్న నాకు ఇందులో వింతేమీ కనిపించదు. గ్రీజు తక్కువైనా బేరింగు వేడెక్కుతుంది, అతిగా కుక్కినా వేడెక్కుతుంది.

తెలుగు మాటల దారి వేరు. కలుపుగోలు, కలివిడి అన్నప్పుడు వినిపించేది కలవడం. మాట కలుపుతాం, చేయి కలుపుతాం, అన్నం కలుపుతాం. పైరుతో పాటు మొలిచే పిచ్చిమొక్కనూ కలుపు అనే అంటాం, పొలాలున్న మిత్రులు నవ్వుకోవచ్చు. తెలంగాణ మిత్రుల 'జిగ్రీ దోస్త్' ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. జిగర్ అంటే కాలేయం. మనం గుండెలో పెట్టుకునే నేస్తాన్ని వాళ్లు కాలేయంలో పెట్టుకున్నారు. ఇక ఆఫీసుల్లో మనం వాడే 'జోవియల్' గురుగ్రహం పేరు మీద పుట్టింది. ఆ గ్రహం చూపు పడ్డవాళ్లు సరదాగా ఉంటారని పాత యూరపు జ్యోతిష్యుల నమ్మకం.

అయితే కలుపుగోలుతనం ఉన్నంత మాత్రాన మనిషి మంచివాడనుకోవడానికి లేదు. ఆ సంగతి గురజాడ ఎప్పుడో చూపించారు. 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, బాగా పెంచి తిరగరాసిన ప్రతి 1909లో వచ్చింది. అందులో గిరీశం కన్నా ఇట్టే మాట కలిపేవాడు ఎవరు? పిల్లవాడితో పిల్లవాడిలా, పెద్దవాళ్లతో పెద్దవాడిలా కలిసిపోతాడు. ఆ మాటలకు నమ్మి బుచ్చమ్మ ఇల్లు దాటింది. చివర అతనికి అడ్డం తిరిగిన వకీలుకు గురజాడ పెట్టిన పేరు చూడండి, సౌజన్యారావు పంతులు. సుజనుడి గుణం సౌజన్యం. ఇప్పుడా మాట ఎక్కడుందంటే, ఇదే సంచిక ప్రకటనల పేజీల అడుగున, 'ఫలానా వారి సౌజన్యంతో' అని. డబ్బిచ్చినవారిని తప్పుపట్టడం లేదు, వారు లేకపోతే ఈ పుస్తకం లేదు. మాట బరువు తగ్గిందంటున్నాను, అంతే.

నేను అడుగుతున్న మాట 'పూర్వభాషి'. వాల్మీకి అయోధ్యకాండ మొదటి సర్గలోనే రాముడి గుణాలు చెబుతూ ఈ మాట వాడాడు. ఎదుటివాడు పలకరించేదాకా ఆగకుండా తానే ముందు మాట్లాడేవాడని అర్థం. రాజకుమారుడికి ముందుగా పలకరించాల్సిన అవసరమేముంది? అవసరం లేదు కాబట్టే కవి దాన్ని గుణాల్లో లెక్కవేశాడు. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు ఈ మాట చెబుతూ, సుద్దముక్కతో కిటికీలోంచి బయటికి చూపించారు. "అదిగో, అలాంటివాడు." అక్కడ గంట తాత ఎవరో పిల్లవాడి చెప్పు తెగితే పిన్నీసు పెడుతున్నాడు. మేం నవ్వాం.

ఆ మాట మళ్లీ గుర్తుకొచ్చింది 1994లో. ఉద్యోగంలో చేరి నాలుగేళ్లు. నా రిపోర్టుల్లో పైవాళ్లు నన్ను మితభాషి అని రాసేవారు, మెచ్చుకోలుగానే. ఒక రాత్రి షిఫ్టులో పెద్ద ఫ్యాను బేరింగు పట్టేసింది. పక్కనున్న హెల్పరు కుర్రాడి చేయి కాలింది. విచారణలో తేలిందేమిటంటే, నాకన్నా ఇరవై ఏళ్లు పెద్దవాడైన ఫిట్టరు ఆ శబ్దం తేడాను రెండు రోజుల ముందే పసిగట్టాడు. "మరి నాకు చెప్పలేదేం?" అని కోప్పడ్డాను. ఆయన తల వంచుకుని, "మీరెప్పుడూ పలకరించరు కదండీ సార్. మీ దగ్గరికొచ్చి ఎలా మొదలుపెట్టాలో తెలీలేదు" అన్నాడు. రిపోర్టులో కారణం దగ్గర 'గ్రీజు లోపం' అని రాశాను. సంతకం పెట్టేటప్పుడు చేయి ఆడలేదు.

మర్నాటి నుంచి షాపులోకి అడుగుపెట్టగానే నేనే ముందు పలకరించడం మొదలుపెట్టాను. మొదటి నెల అందరూ నన్ను అనుమానంగా చూశారు. నాకూ ఎబ్బెట్టుగానే ఉండేది. ఈ వయసులో కూడా నాకది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, రోజూ చేసే మెయింటెనెన్సు పని.

గంట తాతకు మాత్రం అది ఊపిరి తీసుకున్నంత సహజం. 1979లో, ఆరో తరగతిలో చేరిన రోజు, కొత్త నిక్కరుతో గేటు దగ్గరే బిగుసుకుపోయిన నన్ను చూసి కమ్మీ పక్కన పెట్టి వచ్చాడు. "ఏ ఊరు బాబూ మనది?" అన్నాడు. మీది అనలేదు. ఊరి పేరు చెప్పాను. ఆ బళ్లో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

కమిటీ మిత్రులారా, 'పూర్వభాషి' ఎవరికీ అర్థం కాదన్నారు కదా, పక్కనే 'ముందుగా పలకరించేవాడు' అని కూడా వేయండి. స్థలం చాలకపోతే ఈ వ్యాసంలో ఓ రెండు పేరాలు కోసేయండి, అభ్యంతరం లేదు.