విశ్వవిద్యాలయమున అధ్యాపకుని మాట

1857 సెప్టెంబరు 5వ తేదీన శాసనబద్ధమై అవతరించిన మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఒక్క అధ్యాపకుడైనను లేడు. అందు ఒక్క తరగతియైనను జరుగలేదు. తనదని చెప్పుకొనదగిన భవనమైనను, చేపాకున సముద్రమున కభిముఖముగా ఛిషోమ్ నిర్మించిన సెనేట్ హౌసు 1879లో పూర్తియగువఱకు, దానికి లేకుండెను. లండను విశ్వవిద్యాలయమును మాదిరిగా గైకొని కంపెనీ ప్రభుత్వమువారు స్థాపించిన యా సంస్థ పరీక్షలు జరిపి పట్టములొసగుటకే పుట్టినది. బోధించుట రాజమహేంద్రవరమున, కుంభకోణమున, మచిలీపట్టణమున ఉండు కళాశాలలవారి పని. బోధింపదగినదేదో నిర్ణయించుట మద్రాసులోని సెనేటువారి పని. ఈ రెండు పనులును వేరువేరు చేతులలో నుండుటచేత మన దేశమున ఉన్నతవిద్యకు కలిగిన హాని ఎంతటిదో గ్రహింపనివారికి, నేడు మన విశ్వవిద్యాలయములలో అధ్యాపకునికి పరిపాలనమునందు గల స్థానము ఇంత స్వల్పమేలయైనదో బోధపడదు.

సెనేటు అనగా ఎవరు? ప్రభుత్వము జీవితాంతము నియమించిన ఫెలోలు. ఉన్నతన్యాయస్థానపు న్యాయమూర్తులు, కార్యదర్శులు, సైన్యవైద్యులు, క్రైస్తవమతాచార్యులు, కొందఱు దేశీయప్రముఖులు అందుండిరి. గవర్నరు పదవిరీత్యా ఛాన్సలరు. మొదటి వైస్ ఛాన్సలరు సర్ క్రిస్టఫర్ రాలిన్సను మద్రాసు సుప్రీంకోర్టు ప్రధానన్యాయమూర్తి. తన ధర్మాసనమునుండి లేచివచ్చి, మిగిలిన వేళలో విద్యావ్యవహారమును చక్కబెట్టుట ఆ పదవి లక్షణముగా చాలకాలము నడిచెను. వారు అసమర్థులని గాని, విద్యాద్వేషులని గాని నేను చెప్పుట లేదు, పెక్కుమంది బహుశ్రుతులు. కాని దినదినమును విద్యార్థి ముఖమును చూచుచు, పాఠము వానికెక్కడ నందునో ఎక్కడ నందకపోవునో తెలిసికొన్నవాని అనుభవమునకు ఆ సభలో ప్రత్యేకమైన అధికారము లేకుండెను.

ఐరోపాఖండమున విశ్వవిద్యాలయముల పుట్టుక వేఱు విధమైనది. బొలోన్యా నగరమున విద్యార్థులు సంఘముగా నేర్పడి తమ గురువులను తామే కుదుర్చుకొని, వారిని నిబంధనలకు లోబఱచిరి. ప్యారిసునందు గురువులే సంఘముగా కూడిరి. 1229లో నగరాధికారులతో కలిగిన కలహమున ఆ గురువులు పాఠములు నిలిపి నగరమునే విడిచి పోగా, రెండేండ్లకు, 1231లో, తొమ్మిదవ గ్రెగొరీ పోపు ఒక శాసనపత్రము నొసగి, పాఠముల వేళలను, పద్ధతిని, క్రమశిక్షణమును గూర్చి నియమములు చేసికొనుటకు, అన్యాయము జరిగినప్పుడు బోధనము నిలుపుటకును వారికి హక్కు కలదని అంగీకరించెను. అచట మనుష్యులు ముందు కూడిరి, శాసనము పిదప వచ్చినది. మనకు శాసనము ముందు వచ్చినది. మనుష్యులు చోటు వెదకుకొనవలసివచ్చినది.

ఆ వెదకులాట మొదటిసారి ఫలించినది 1904లో అని చెప్పవచ్చును గాని ఆ ఫలము చేదైనది. కర్జను ప్రభువు 1902లో టామస్ రాలీ అధ్యక్షతను నియమించిన విచారణసంఘమున హైదరాబాదునుండి సయ్యదు హుస్సేను బిల్‌గ్రామీయు, కలకత్తానుండి గురుదాస్ బెనర్జీయు సభ్యులు. బెనర్జీ తన భిన్నాభిప్రాయమును ప్రత్యేకముగా వ్రాసి యిచ్చెను. తరువాత వచ్చిన చట్టము మద్రాసు సెనేటులోని ఫెలోల సంఖ్యను నూటికి మించకుండ కుదించి, వారి పదవిని ఐదేండ్లకు పరిమితము చేసి, సిండికేటునకు శాసనస్థితి కల్పించి, అందు కళాశాలాధ్యాపకులకు నియతమైన స్థానము నిచ్చెను. ఇంతవఱకు మేలే. అయితే ఆ ఫెలోలలో ఎన్నికచే వచ్చువారు ఇరువది మందియే. మిగిలినవారిని నియమించువాడు ఛాన్సలరు, అనగా గవర్నరే. అధ్యాపకుని సభలోనికి పిలిచిన చేయియే అతని నోటిపై నుంచబడినదని గోఖలే వంటివారు శాసనసభలో వ్యాకులపడుటకు కారణమిదియే.

ఈ చట్టముక్రింద నడచిన సభలలో, మన తెలుగువారికి చిరస్మరణీయమైన ఘట్టమొకటి జరిగినది. విశ్వవిద్యాలయమున ప్రతి శాస్త్రమునకును ప్రతి భాషకును ఒక బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉండును. ఏ గ్రంథములు పాఠ్యములుగా నుండవలెను, ప్రశ్నపత్రమెట్లుండవలెను, పరీక్షకులుగా నెవ్వరు తగుదురు అను విషయములు మొట్టమొదట చర్చకు వచ్చు చోటది. బయటివారికి దాని పేరైన తెలియదు. పత్రికలలో దాని సమావేశములు ప్రకటింపబడవు. కాని ఒక తరము విద్యార్థులు ఏమి చదువుదురో, ఏ భాషలో ఆలోచింతురో నిర్ణయించునది, గంభీరములైన ఉపన్యాసములు జరుగు సెనేటు కాదు, ఈ చిన్న సంఘమే. గురజాడ అప్పారావుగారు 1911లో మద్రాసు విశ్వవిద్యాలయమువారి బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యులైరి. అంతకుపూర్వము విజయనగరము మహారాజావారి కళాశాలలో అధ్యాపకత్వము నెఱపిన అనుభవము వారికి కలదు.

ఆ కాలముననే తెలుగు వ్యాసరచనమున విద్యార్థి యే భాష వాడవలెనను వివాదము ప్రజ్వరిల్లినది. గిడుగు రామమూర్తి పంతులుగారు, విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాసయ్యంగారు, పాఠశాలల పరీక్షాధికారియైన యేట్సు దొరగారు శిష్టవ్యవహారము పక్షమున నిలిచిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు గ్రాంథికరక్షణమునకు కంకణము కట్టుకొని 1911లో ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించిరి. విషయమును తేల్చుటకై విశ్వవిద్యాలయము నియమించిన ఉపసంఘమున అధికసంఖ్యాకులు గ్రాంథికమునే సమర్థించిరి. అప్పుడు అప్పారావుగారు చేసిన పని ఎట్టిది? సభనుండి లేచిపోలేదు, ఊరకుండి సంతకము చేయలేదు, పూర్వవ్యాకరణములను, శాసనములను, కవుల ప్రయోగములను, ఇతరదేశముల భాషాచరిత్రలను పరిశీలించి, ఒక గ్రంథమంత విస్తృతమైన అసమ్మతిపత్రమును వ్రాసి సమర్పించిరి. 1914లో అది అచ్చుపడినది. మరుసటి యేటి నవంబరులో వారు దివంగతులైరి.

ఓట్ల లెక్కలో వారోడిపోయిరి. గ్రాంథికపక్షము చాలకాలము పరీక్షలలో రాజ్యమేలినది. ఏ శైలిని మెచ్చువారైనను ఈ ఘట్టమున గమనింపవలసిన దొకటి కలదు: అధికసంఖ్యాకుల నిర్ణయముతోపాటు అల్పసంఖ్యాకుని హేతువులును విశ్వవిద్యాలయపు పత్రములలో నిలుచుట కవకాశము కల్పించిన పద్ధతియే విద్వత్పరిపాలనమునకు ప్రాణము. ఆ ఉపసంఘపు నివేదికను సమర్థించిన వాదములు నేడెవ్వరును తెఱచి చూడరు. అసమ్మతిపత్రమును భాషాశాస్త్రజ్ఞులు నేటికిని చదువుచున్నారు. నిర్ణయము సభది, హేతువు వ్యక్తిది, రెండింటికిని చోటిచ్చిన సభయే విద్వత్సభ.

1917లో మైకేల్ శాడ్లరు అధ్యక్షతను కలకత్తా విశ్వవిద్యాలయ విచారణసంఘ మేర్పడి 1919లో నివేదిక నిచ్చినప్పటినుండి పరిస్థితి మారజొచ్చినది. అశుతోష్ ముఖర్జీ ఆ సంఘమున సభ్యుడు. ప్రజాప్రతినిధులతో కూడిన విశాలసభ యొకటి, కార్యనిర్వాహకసభ యొకటి, కేవలము విద్యావిషయములకై అధ్యాపకులు ప్రధానముగా నుండు అకడమిక్ కౌన్సిలు ఒకటి వేరువేరుగా నుండవలెనని వారు ప్రతిపాదించిరి. ధనమును గూర్చి మాటాడువారు, పాఠమును గూర్చి మాటాడువారు ఒకే సభలో కలిసినప్పుడు ధనమే గెలుచునన్న లోకానుభవమును వారు చక్కగా గుర్తించిరని నా అభిప్రాయము. మద్రాసు రాష్ట్రమున ఈ సూత్రమును చట్టరూపమున దెచ్చినవారు విద్యామంత్రియైన బరంపుర వాస్తవ్యులు అన్నెపు పరశురామదాసు పాత్రోగారు. 1923 నాటి మద్రాసు విశ్వవిద్యాలయ చట్టమున సెనేటు, సిండికేటులతోపాటు అకడమిక్ కౌన్సిలు వెలసి, పాఠ్యక్రమములను గూర్చిన నియమములు చేయు నధికారము దానికి దక్కినది. రెండేండ్లకు ఆ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరైన రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు జీవితమంతయు బోధనమునకే అర్పించిన కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాల ప్రధానాచార్యులు. న్యాయమూర్తులు విశ్రాంతివేళల నలంకరించిన ఆసనమున ఒక తెలుగు ఉపాధ్యాయుడు కూర్చుండుట, అర్ధశతాబ్దికి పైగా సాగిన నిరీక్షణమునకు ఫలము.

ఆ పాత్రోగారి కాలముననే 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయము బెజవాడ కేంద్రముగా అవతరించి, కట్టమంచి రామలింగారెడ్డిగారిని ప్రథమ వైస్ ఛాన్సలరుగా పొందినది. అదే సంవత్సరమున ఇంగ్లండునందు, రెడ్డిగారు విద్యాభ్యాసము చేసిన కేంబ్రిడ్జిలో, నూతననియమావళి అమలులోనికి వచ్చి, లోకమున నెచ్చటనో నివసించు పట్టభద్రుల సభ చేతినుండి పరిపాలనాధికారము తొలగి, అచట బోధించుచున్న ఆచార్యుల సభయైన రీజెంట్ హౌసునకు సంక్రమించినది. ఆ సభ వోటులేక నియమము మారదు. బెజవాడలో ప్రారంభమైన మన సభ స్వరూపము వేఱు: పట్టభద్రులెన్నుకొన్నవారు, ప్రభుత్వము నియమించినవారు, ప్రజాసంస్థల ప్రతినిధులు, కళాశాలల అధ్యాపకులు అందు కలిసియుండిరి. విశ్వవిద్యాలయముకొఱకు జనము తపించి సాధించుకొన్న దేశమున జనమును సభకు దూరముగా నుంచుట సాధ్యమును కాదు, న్యాయమును కాదు. అందుచేత తొలి సంవత్సరములలో సెనేటునకు ప్రధానచర్చ విద్యాక్రమము కాక, విశ్వవిద్యాలయము బెజవాడలో నుండవలెనా, వాల్తేరునకు పోవలెనా, దత్తమండలముల మాటేమి యన్న స్థలవివాదమే యైనది. 1930 నాటికి వాల్తేరు నిశ్చయమైనది. దత్తమండలములు మద్రాసు విశ్వవిద్యాలయమునే యాశ్రయించి, 1954లో తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలయువఱకు నిరీక్షించినవి.

వాల్తేరున కొండమీద నిజమైన అధ్యాపకసమాజము కుదురుకొన్నది. శాసనోల్లంఘనోద్యమ కాలమున ప్రభుత్వపు దమననీతికి నిరసనగా రెడ్డిగారు 1930లో పదవిని పరిత్యజింపగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణనుగారు ఆ స్థానమున కెన్నికైరి. వారి కాలమున పింగళి లక్ష్మీకాంతముగారు తెలుగునకు, సూరి భగవంతముగారు భౌతికశాస్త్రమునకు, టి.ఆర్. శేషాద్రిగారు రసాయనశాస్త్రమునకు వచ్చిరి. హుమాయూన్ కబీరు, హీరేన్ ముఖర్జీ వంటి వంగదేశీయ యువకులు అచట బోధించిరి. 1857 నాటి సంస్థకు కొఱవడినది ఇదియే: ఒకే ప్రాంగణమున నివసించుచు, ఉదయము బోధించి సాయంకాలము అదే విషయమును గూర్చి సభలో నిర్ణయము చేయగల జనము. తెలుగు ఆనర్సు తరగతి వంటిది మద్రాసు కాగితములమీద కాక, బోధించువారి మధ్యనే రూపుకట్టుట ఇట్టి యేర్పాటు వలననే సాధ్యమైనది. 1936లో రెడ్డిగారు తిరిగి వచ్చి 1949 వఱకు ఆ పదవిలో నుండిరి. ప్రభుత్వము నెదిరించి రాజీనామా చేసినవానిని అదే విశ్వవిద్యాలయము మరల తన శిరస్సున ధరించినదన్న సత్యము, ఆనాటి సంస్థల ధైర్యమునకు నాకు కనబడు గొప్ప సాక్ష్యము.

ఆ ధైర్యమునకు పరీక్ష స్వరాజ్యము వచ్చిన పిదప హైదరాబాదున కలిగినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1959 నాటి చట్టముక్రింద నడుచుచుండగా, అప్పటి వైస్ ఛాన్సలరు డి.ఎస్. రెడ్డిగారికి 1964లో ఐదేండ్ల గడువుతో పదవి పునర్దత్తమైనది. పిమ్మట రాష్ట్రప్రభుత్వము చట్టమును సవరించి ఆ గడువును మూడేండ్లకు తగ్గించినది. అది చాలదని 1966లో మరియొక సవరణచే, అప్పుడు పదవిలోనున్న వైస్ ఛాన్సలరు వైదొలగవలెనని 13-ఏ అను సెక్షనును చేర్చినది. సాధారణనియమమువలె వ్రాయబడినను అది తగులునది ఒక్క మనుష్యునికే. వ్యవహారము సుప్రీంకోర్టువఱకు పోయినది. వైస్ ఛాన్సలరును తొలగింపవలెనన్నచో విచారణ జరుగవలెనని చట్టమే చెప్పుచుండగా, ఇతనికి మాత్రము విచారణయే లేకుండ పదవిచ్యుతి విధించుట సమానత్వమునకు విరుద్ధమని న్యాయస్థానము 1967 జనవరిలో తీర్పు చెప్పి ఆ సెక్షనును కొట్టివేసినది. వ్యక్తి గెలిచెను. కాని వైస్ ఛాన్సలరు ఎవరన్నది విద్వత్సభలు కాక సచివాలయమే నిర్ణయించునన్న అభ్యాసమునకు ఆ తీర్పు అడ్డుకట్ట వేయలేకపోయినది.

1991లో ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయముల చట్టముతో పాత సెనేటులు, సిండికేటులు అంతరించినవి. వాని స్థానమున ఎగ్జిక్యూటివ్ కౌన్సిలు, అకడమిక్ సెనేటు అను సభలు వచ్చినవి. కార్యనిర్వాహకసభలోని అధ్యాపకులును ప్రభుత్వనియుక్తులే. సెనేటు ఎన్నికలలో వర్గవైషమ్యములు, కులపక్షపాతములు ప్రబలినవన్న ఆరోపణను నేను కాదనను. అధ్యాపకులలో కొందఱు వోటును విద్యకొఱకు కాక పదోన్నతికొఱకు వినియోగించిరి. కాని రోగమునకు చేసిన చికిత్స నాలుకను తీసివేయుటగా పరిణమించినది. నియుక్తుడైన అధ్యాపకుడు ఎంతటి విద్వాంసుడైనను, తన్ను నియమించినవాని ముఖము చూడక మాటాడుట కష్టము. తన సహోద్యోగులచే ఎన్నికైనవాడు వారికి సమాధానము చెప్పవలసినవాడు.

అయినను బోర్డ్ ఆఫ్ స్టడీస్ మాత్రము నిలిచియున్నది. వాల్తేరున, తిరుపతిలో, ఉస్మానియాలో, కాకతీయలో శాఖలవారు నేటికిని ఆ సభలో కూడి, పాఠ్యగ్రంథముల పట్టికను సవరింతురు. బయటి విశ్వవిద్యాలయమునుండి వచ్చిన సభ్యుని అభిప్రాయము విందురు. తీర్మానము వ్రాసి అందఱును సంతకము చేసి అకడమిక్ సెనేటునకు పంపుదురు. ఏకీభవింపని సభ్యుడు తన కారణములను వ్రాసి యిచ్చినచో ఆ కాగితమును తీర్మానముతోపాటు పైసభకు పంపవలెను. గురజాడవారు 1914లో వినియోగించుకొన్న ఆ మార్గమును నేటి యువాధ్యాపకులు వినియోగించుకొందురు గాక.