చూరు పోయిన బడి

ఖమ్మం జిల్లా సత్తుపల్లి చుట్టుపక్కల పసిపిల్లల బడి కథను చాలామంది మూడు మెట్లలో ముగిస్తారు: తాటాకు పాక, పెంకుటిల్లు, స్లాబు. ప్రతి మెట్టూ పైకే అన్నది వాళ్ల నమ్మకం. గట్టిదనం వరకు అది నిజమే. చల్లదనం విషయంలో మాత్రం ఈ వరుస తలకిందులైంది. అలా ఎందుకైందో చెప్పే కారణం కూడా నాకు సరైనదిగా తోచదు.

మొదటి దశలు తెలిసినవే. వెదురు తడికలకు మట్టి మెత్తి గడ్డి కప్పిన కోయ ఇల్లు, చూరు కిందికి దిగిన పెంకుటింటి అరుగు మీద వీధిబడి. పసిపిల్లలకు విడిగా బడి అన్న ఆలోచన తర్వాత వచ్చింది. విద్యావేత్త గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిర్ పెట్టారు. తారాబాయి మోదక్ పల్లె పిల్లల కోసం అంగన్‌వాడీ ఆలోచనకు రూపమిచ్చారు. అంగణం, అంటే ముంగిలి, ఆ పేరులోనే ఉంది. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ఆ పేరును దేశమంతటికీ తీసుకెళ్లింది.

స్లాబు గెలవడానికి తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో జరిగిన అగ్నిప్రమాదం కారణమని తరచూ వింటాం. 2004 జులై 16న వంటశాల మంట ఆకుల కప్పుకు అంటుకుని ఆ బడిలో 94 మంది పిల్లలు చనిపోయారు. బయటపడే దారి ఇరుకైన మెట్లదే. ఆ తర్వాత వేసిన వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, క్షేమకరమైన బడి కూడా విద్యాహక్కులో భాగమేనంది. ఆకుల కప్పు వద్దనడంలో నాకు పేచీ లేదు. కానీ పెంకు అంటుకోదు కదా! దాని కింది వాసాలు కాలతాయి, ఒప్పుకుంటాను. అయినా భయమొక్కటే కారణమైతే దారులు వెడల్పు చేసి, వంటగదిని దూరం పెట్టి, పెంకును ఉంచుకోవచ్చు. పైగా స్లాబు మోజు 2004కి ముందే ఉంది. 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ఏ కాలంలోనైనా పనికొచ్చే రెండు గదులతోపాటు లోతైన వసారా కూడా కావాలంది. సర్వశిక్షా అభియాన్ నాటికి లెక్క 'అదనపు తరగతి గది' అయింది. గదిని లెక్కపెడితే నీడ లెక్కలోకి రాదు. అన్ని బడుల్లోనూ వసారా పోయిందని అనను. అయితే అంచనాలో డబ్బు తగ్గించాల్సి వస్తే ముందు కోతపడేది అదే.

నా దృష్టిలో అసలు కారణం మరమ్మతు. పెంకును ఏటా తొలకరికి ముందు సర్దించాలి. కోతులు లేపేసినప్పుడల్లా మళ్లీ పేర్చాలి. కట్టడానికి నిధులొస్తాయి, సర్దడానికి రావు. మరమ్మతు అడగని కప్పుగా స్లాబు కనిపించింది. మధ్యేమార్గం లేకపోలేదు. వాస్తుశిల్పి లారీ బేకర్ కేరళలో స్లాబు అడుగున పెంకులు పొదిగి కాంక్రీటు తగ్గించారు. జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) కాలంలో దేశంలో కొన్నిచోట్ల బడులకూ ఆ పద్ధతి వాడారు. కోతులకు అందదు, కురవదు. మన దగ్గర అది అలవాటుగా మారలేదు.

పల్చని స్లాబు మధ్యాహ్నం ఎండను పీల్చుకుని, పిల్లలు భోంచేసి పడుకునే వేళకు లోపలికి వదులుతుంది. ఫ్యాను ఆ వేడినే కిందికి తోస్తుంది. పసివాళ్ల ఒంటికి చెమట తక్కువ, వేడి త్వరగా ఎక్కుతుంది. గట్టు ఎత్తుగా ఉన్న కిటికీ గాలి చాప మీది బిడ్డకు తగలదు. మార్చిలోనే ఒంటిపూట బడులు పెట్టడమంటే, కట్టడం మోయాల్సిన భారాన్ని గడియారం మీద వేయడమే.

2023లో తెలంగాణ ప్రకటించిన కూల్ రూఫ్ విధానం, అంటే కప్పుకు తెల్లరంగు వంటివి పూసి ఎండను తిప్పికొట్టే పద్ధతి, ప్రభుత్వ భవనాలకూ వర్తిస్తుంది. మంచి పనే. కానీ సత్తుపల్లి అంచున సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని ఉంది. దుమ్ము పడిన తెల్లరంగు ఎండను ఎంతకాలం తిప్పికొడుతుంది? ఏటా కడగాలి, మళ్లీ పూయాలి. పెంకును ఓడించిన ఆ మరమ్మతే ఇక్కడా ఎదురవుతుంది. పడమటి గోడకు నీడ లేకపోతే కప్పొక్కటి చల్లబడినా చాలదు. కొత్త అంగన్‌వాడీకి అంచనా రాసే కాగితంలోనే వసారా, పడమటి వైపు వేపచెట్టు, ఏటేటా సున్నం ఖర్చు విడివిడి పద్దులుగా ఉండాలని నేను అడుగుతున్నాను.