ఆంగ్ల దూరదర్శన ప్రహసనములు – వాని మనుగడ

కందుకూరి వీరేశలింగము పంతులుగారు షేక్స్పియరు మహాకవి 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను చమత్కార రత్నావళి యనియు, షెరిడను రచించిన 'రైవల్స్'ను కల్యాణకల్పవల్లి యనియు తెనిగించినది మొదలు ఆంగ్లేయుల హాస్యము మనకు క్రొత్త కాదు. ఆ హాస్యమే ఇరువదవ శతాబ్ద్యుత్తరార్ధమున రంగస్థలమును వీడి టెలివిజనును జేరినది. దానిని సాహిత్యచరిత్రలో బరిగణింపవచ్చునా యని కొందఱు సందేహింతురు. ప్రహసనము దశరూపకములలో నొకటి. ప్రదర్శనస్థానము మాఱినంతనే అది శాస్త్రమునకు వెలి కానేరదు.

జాన్ క్లీస్, కానీ బూత్ అను దంపతులు కల్పించిన 'ఫాల్టీ టవర్స్' 1975లో ఆఱును, 1979లో ఆఱును, వెరసి పండ్రెండు భాగములు మాత్రమే. టార్కీ పట్టణమున పూటకూటి యింటివాఁ డొకడు, అతిథులే తన జీవనాధారమని యెఱిగియు వారిని చూడనొల్లడు. గొప్పవారి రాకకై మాత్రము అఱ్ఱులు సాచును. జిమ్మీ పెరీ, డేవిడ్ క్రాఫ్టులు వ్రాసిన 'డాడ్స్ ఆర్మీ' 1968 మొదలు 1977 వఱకు ఎనుబది భాగములుగా నడచెను. అందొక బ్యాంకి మేనేజరు రెండవ ప్రపంచయుద్ధకాలమున ముసలివారిని పోగుచేసి దేశరక్షణమునకు బూనును. ఈ నాయకు లిరువురును దుష్టులు కారు; తమ కొలత తా మెఱుగనివారు. మన చిలకమర్తివారి గణపతియు నీ తెగవాఁడే. తనయందలి లోపమును దానెఱుగని వానిని జూచి నవ్వుటకు దేశకాలజ్ఞానముతో బని లేదు. ఈ ప్రహసనములు నేటికిని జూడబడుచుండుటకు నా యభిప్రాయమున నిదియే ప్రధానకారణము.

1977లో వెలువడిన 'మైండ్ యువర్ లాంగ్వేజి' కథ వేఱు. లండనులో నానాదేశీయులు ఇంగ్లీషు నేర్చుకొను రాత్రిబడి దాని రంగము. పరజాతులను ఎగతాళి చేయుచున్నదని స్వదేశమున 1979లో దానిని నిలిపివేసిరి. ఐనను మనదేశమున అది 1993లో 'జబాన్ సంభాల్‌కే' యను హిందీ ప్రహసనమునకు మాతృక యయ్యెను. చిట్కులు, పాశమైలారము, పటాన్‌చెరువు ప్రాంతములలోని కర్మాగారములవద్ద తెలుగు, హిందీ, ఒడియా కలగలిపి మాటలాడు కూలీలను వినినవారి కా రాత్రిబడి యపరిచితము కాదు. భరతముని హాస్యమును స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు విధములుగా విభజించి, తుది రెంటిని అధమపాత్రలకు విధించెను. మాటతడబాటునకు నవ్వుట యొకటి, మాటలాడినవాని జాతికి నవ్వుట వేఱొకటి. ఆ ప్రహసనమున ఈ రెండును విడదీయరానట్లు పెనగొనియున్నవి. కావున దానిని నిలిపివేసినవారి తీర్పును నేను పూర్తిగ ద్రోసిపుచ్చజాలను.

మెచ్చుకోలు మాత్రమున కృతి నిలువదు, ప్రతి నిలువవలయును. 1960, 70 దశకములలో బి.బి.సి. వారు, టేపు వెల హెచ్చగుటచేతను, పునఃప్రసారమునకు ఒడంబడికలు అడ్డగుటచేతను, పెక్కు కార్యక్రమములను తుడిచి యా టేపులనే మరల వాడుకొనిరి. 'డాడ్స్ ఆర్మీ' రెండవవరుసలోని ఆఱు భాగములలో అయిదు పోయెను. పాఱవేయబడిన ఫిల్ములలో నుండి యొకరు దాచిన రెండు భాగములు 2001లో బి.బి.సి.కి జేరినవి; మూఁడు నేటికిని దొరకలేదు. నన్నెచోడుని కుమారసంభవమును మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో ప్రకటించునంతవఱకు ఆ కవి పేరెఱిగినవారు ఎందఱు? మన తాళపత్రములను చెదలు దినినవి. వారి టేపులను స్వహస్తములే తుడిచినవి. ఆ మూఁడు భాగముల వ్రాతప్రతు లుండుటచే 2019లో క్రొత్తనటులు వానిని మరల నభినయించిరి. పాఠము నిలిచినది, మొదటి యభినయము పోయినది.

తెలుగున దీనికి సాటి 'అమృతము'. గుణ్ణం గంగరాజుగారు నిర్మింపగా 2001 నవంబరు మొదలు 2007 వఱకు జెమిని టి.వి.లో ప్రసారమైనది. ఇందును రంగము పూటకూటి యిల్లే. అమృతరావు, ఆంజనేయులను మిత్రులు 'అమృతవిలాస్' నడపుచు, ధనికులగుటకు బూనిన ప్రతియుపాయమునను బోల్తపడుదురు. ప్రసారము ముగిసిన పిదపను జనులు దానిని ఇంటర్నెట్టున మరల మరల జూచుచున్నారు. నాయకపాత్రను శివాజీరాజా, నరేశు, హర్షవర్ధనులు వరుసగా ధరించిరి. మనిషి మాఱినను పాత్ర చెడలేదు. అంజిగా నటించిన గుండు హనుమంతరావుగారు 2018లో దివంగతులైరి. 2020లో 'అమృతం ద్వితీయం' వెలువడినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరాముగారు ధరించిరి.