ఆగితే చాలు కారు వణుకుతోందా? పార్ట్స్ మార్పించే ముందు ఇవి చెక్ చేసుకోండి

రోడ్డు మీద వెళ్తున్నంత సేపూ కారు బాగానే ఉంటుంది. రైల్వే గేటు దగ్గరో, సిగ్నల్ దగ్గరో ఆపగానే స్టీరింగ్ వణుకుతుంది. ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఊగుతుంది. ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోతుంది కూడా.

యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడాన్నే ఐడ్లింగ్ అంటారు. అందులో తేడా రాగానే చాలామంది ముందు ప్లగ్‌లు మార్పిస్తారు. తగ్గకపోతే కాయిల్, అదీ కాకపోతే ఇంజెక్టర్లు. బిల్లు పెరుగుతుంది కానీ వణుకు అలాగే ఉంటుంది. అందుకే ముందు కారు ఎప్పుడు, ఎలా వణుకుతోందో గమనించాలి. ఆ తర్వాత ఖర్చు లేని చెక్ నుంచి మొదలుపెట్టాలి.

పల్నాడు కార్లకు ఎండ, దుమ్ము గండం

వేసవిలో రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు అనగానే రెంటచింతల పేరు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడికి ఈ ఎండ తోడైతే బానెట్ కింది రబ్బరు పైపులు గట్టిపడి పగులుతాయి. ఇక పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి, మాచర్ల వైపు సిమెంట్ ఫ్యాక్టరీలు, లారీల రాకపోకలతో దుమ్ముకు కొదవ లేదు. మాన్యువల్‌లో ఎయిర్ ఫిల్టర్‌కు రాసిన కిలోమీటర్ల లెక్క మామూలు రోడ్లకు. దుమ్ము రోడ్లలో తిరిగే కారుకు అంతకంటే ముందే ఫిల్టర్ తీసి చూడాలి.

ముందు ముల్లు చూడండి

ఇంజిన్ వేడెక్కాక చాలా పెట్రోల్ కార్లలో ముల్లు 650 నుంచి 900 మధ్య నిలుస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కాసేపు ఎక్కువగా ఉండటం మామూలే. మూడు సిలిండర్ల కార్లలో కొద్దిపాటి వణుకు కూడా సహజమే.

* ముల్లు కదలకుండా ఉండి, సీటు, స్టీరింగ్ మాత్రమే అదురుతుంటే ముందు ఇంజిన్ మౌంట్లను అనుమానించాలి. ఆటోమేటిక్ కారులో బ్రేక్ తొక్కి 'డీ'లో పెట్టినప్పుడు అదురు పెరిగితే ఈ అనుమానం ఇంకా బలపడుతుంది.
* ముల్లు మెల్లగా పైకీ కిందకీ ఊగుతుంటే ఎక్కడో గాలి లీకైనా ఉండాలి, థ్రోటిల్ బాడీలో మసైనా పేరుకుని ఉండాలి.
* ఉండుండి 'టక్' మని కుదుపు వస్తుంటే ఏదో ఒక సిలిండర్ మిస్ అవుతోంది.
* ఏసీ వేయగానే ముల్లు పడిపోతుంటే థ్రోటిల్ బాడీ, బ్యాటరీ చార్జింగ్ చూపించాలి.

ఇంట్లోనే చూసుకోదగ్గవి

ఎయిర్ ఫిల్టర్: బాక్స్ తెరిచి వెలుతురుకు పట్టి చూడండి. వెలుతురు సరిగా రాకపోతే మార్చేయండి. పెట్టేటప్పుడు బాక్స్ క్లిప్పులు గట్టిగా పడ్డాయో లేదో చూసుకోండి.

గాలి లీకు: ఇంజిన్ ఆన్‌లో ఉండగా 'స్‌స్‌' మని శబ్దం వస్తోందేమో వినండి. పైపుల అతుకుల దగ్గర కొంచెం సబ్బు నీళ్లు చల్లినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే లీకు అక్కడే. వైర్ల మీద, కాయిళ్ల మీద నీళ్లు పడకూడదు. తిరిగే బెల్టుకు, ఫ్యాన్‌కు చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి. మంట అంటుకునే క్లీనర్ స్ప్రేలతో ఈ పరీక్ష వద్దు. ఇంజిన్ ఆయిల్ మూత వదులుగా ఉన్నా కొన్ని కార్లలో ఐడ్లింగ్ చెడుతుంది.

పెట్రోల్: ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో, లేదా పెట్రోల్ కొట్టించిన వెంటనే వణుకు మొదలైతే ఇంధనాన్ని అనుమానించాలి.

మెకానిక్ దగ్గర ఇలా అడగండి

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ముందు స్కానర్ పెట్టమనండి. పీ0300 అంటే ఒక్క సిలిండర్ అని తేలకుండా మిస్ అవుతోందని, పీ0301 అంటే ఒకటో సిలిండర్ మిస్ అవుతోందని అర్థం. పీ0171 వస్తే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికి తగ్గ పెట్రోల్ అందడం లేదని. గాలి లీకు ఉన్నా ఈ కోడ్ రావచ్చు.

ఒకటో సిలిండర్ కోడ్ వస్తే వెంటనే కొత్త కాయిల్ కొనక్కర్లేదు. ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న కారైతే, ఇంజిన్ ఆపి ఒకటో కాయిల్‌ను రెండో దానితో మార్చి పెట్టించండి. కోడ్ పీ0302కు మారితే కాయిల్ పోయినట్టే. మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఈ ఒక్క పరీక్షతో అనవసరపు ఖర్చు తప్పుతుంది.

ప్లగ్ తీసినప్పుడు మీరూ చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. నల్లటి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతున్నట్టు. ఆయిల్ తడి ఉంటే ఇంజిన్‌లోపల చూపించాల్సిందే. థ్రోటిల్ బాడీ క్లీన్ చేశాక కొన్ని కార్లలో స్కానర్‌తో ఐడ్లింగ్ మళ్లీ సెట్ చేయాలి. అది చేశారో లేదో అడగండి.

డీజిల్ కారుకు స్పార్క్ ప్లగ్‌లు ఉండవు. ఫ్యూయల్ ఫిల్టర్‌లో నీళ్లు, ఇంజెక్టర్లు, ఈజీఆర్ వాల్వ్ చూపించాలి.

ఇవి మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు

చెక్ ఇంజిన్ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటే కారును పక్కకు ఆపేయండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ పాడైతే దాని ఖర్చు ముందు ప్లగ్, కాయిల్ ఖర్చు లెక్కలోకే రాదు.

ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ గానీ ప్లగ్ వైరు గానీ పీకొద్దు. వేల వోల్టుల షాక్ తగులుతుంది. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్ చేసి చెక్ చేయొద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఐడ్లింగ్‌లో ఆగిపోతున్న కారుతో శివరాత్రికి కోటప్పకొండ బయల్దేరడం కూడా మంచిది కాదు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్ బలం కొద్దిసేపట్లోనే తగ్గిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. కొండ దారిలో, జనం మధ్యలో అది ప్రమాదమే. బాగు చేయించుకున్నాకే బయల్దేరండి.